అలుగుకి బస్తాలు అడ్డం వేసి పడవలు నడపొద్దు

సంపాదకులు గారికి నమస్కారం.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా. పర్లాకిమిడి కోర్టులో ముప్ఫై ఏళ్లకు పైగా వకీలు గుమాస్తాగా చేసి ఇప్పుడు ఊళ్లోనే ఉంటున్నాను. మా ఊరికి ఎగువన, కొండవార, ఒక ఆసామి తన సొంత భూమిలో గెడ్డకి, అంటే కొండవాగుకి, అడ్డంగా మట్టి గట్టు పోయించి చెరువు కట్టుకున్నారు. మొదట్లో అది కింద తోటకీ, చేపలకీ. నాలుగైదేళ్లుగా పిక్నిక్ స్పాట్ అయింది. పెడల్ బోట్లు, ఉయ్యాలలు, టీ కొట్టు వచ్చాయి. ఆదివారం వస్తే బళ్లు పెట్టుకోవడానికి చోటు ఉండదు.

దాన్ని మూయించమని ఈ ఉత్తరం రాయడం లేదు. మా మనవడు బోటు తొక్కడం నేర్చుకున్నది అక్కడే. ఈ చుట్టుపక్కల పిల్లల్ని సెలవు పూట తీసుకెళ్లడానికి ఇంకే చోటుంది చెప్పండి? ఆ చెరువు ఉండాలనే నా కోరిక. ఉండాలంటే గట్టు ఉండాలి కదా.

పోయిన కార్తీకంలో మా వీధి వాళ్లమంతా వనభోజనాలకి అక్కడికే వెళ్లాం. వంటలు అవుతుండగా నేను గట్టు మీద నడుచుకుంటూ అలుగు దాకా, అంటే చెరువు నిండితే మిగులు నీళ్లు బయటికి పోయే చోటి దాకా, వెళ్లాను. అలుగు గోడ మీద, సిమెంటు సంచుల్లో ఇసుక నింపి రెండు వరసలు పేర్చి ఉన్నాయి. దగ్గర దగ్గర అడుగెత్తు. వాటి ముందు, చేపలు జారిపోకుండా ఇనుప జాలీ కట్టారు. జాలీకి ఎండుటాకులు, గుర్రపుడెక్క, పారేసిన ప్లేట్లు అడ్డం పడి అదొక గోడలా తయారైంది. ఒక పిల్ల చెప్పు కూడా ఇరుక్కుని ఉంది. బస్తాల సందుల్లోంచి కారే నీటికి కింద రాతికట్టు అంతా పాచి పట్టింది. మూడో తరగతో నాలుగో తరగతో చదివే పిల్ల దాని మీద జారుడుబల్ల ఆడబోయింది. పక్కనున్న కుర్రాడు గౌను పట్టుకుని ఆపాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే నేరుగా కింద బండరాళ్ల మీద పడేది. గౌను భుజం దగ్గర చిరిగిపోయింది. ఆ చప్పుడు నాకు ఇంకా చెవిలో ఉంది.

కాపలా కుర్రాణ్ణి అడిగాను, బాబూ ఈ బస్తాలెందుకు అని. "నీళ్లు పోతే సంక్రాంతికల్లా బోట్లు నేలకి తగిలేస్తాయి తాతగారూ. మనకి సీజను అప్పుడే కదా. దసరాకే వేసేశాం" అన్నాడు. ఉన్న మాటే చెప్పాడు. కానీ దసరా అంటే మనకి తుఫాన్ల రోజులు. 2013లో ఫైలిన్ వచ్చింది అక్టోబరు 12న. 2018లో తిత్లీ వచ్చింది అక్టోబరు 11న. తిత్లీ రాత్రి కొండల మీంచి నీళ్లు ఎలా దిగాయో ఈ జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే చెరువు నోరు కట్టేస్తున్నారు.

అడుగు బస్తాలకి ఏమవుతుందిలే అనుకోవచ్చు. లెక్క చూడండి. పది ఎకరాల చెరువులో సగటున రెండు మీటర్ల నీరు ఉంటే అది 80 వేల టన్నులు. ఇంకొక్క అడుగు పెంచితే మరో 12 వేల టన్నులు. దీన్నంతటినీ ఆపేది ఇంజనీరు చూడని ఒక మట్టి కట్ట. అసలు ప్రమాదం అంతకన్నా పెద్దది. అలుగుకీ గట్టు పైభాగానికీ మూడడుగుల తేడా ఉందనుకుందాం. ఒక అడుగు బస్తాలు వేస్తే వరద పోయే దారి మూడో వంతు తగ్గుతుందని మనకి అనిపిస్తుంది. నిజానికి దాదాపు సగం తగ్గుతుంది, ఎందుకంటే అలుగు మీద నీటి మట్టం పెరిగిన కొద్దీ పారే జోరు ఇంకా ఎక్కువగా పెరుగుతుంది. జాలీ మూసుకుపోతే ఆ సగమూ ఉండదు. అప్పుడు నీళ్లు గట్టు మీంచి పొర్లుతాయి. రాతి కట్టడమైతే కాసేపు తట్టుకుంటుందేమో గానీ మట్టి గట్టు తట్టుకోదు. అవతలి వాలు కోసుకుపోయి గండి పడుతుంది.

నీళ్లు పొర్లకుండానే గట్టు తెగే దారి ఇంకొకటి ఉంది, బుంగ పడటం, అంటే నీరు గట్టు లోపల కన్నం చేసుకోవడం. మా నాన్నగారు రైతు. గట్టు వెనక ఊట తేటగా వస్తే భయం లేదు, మట్టి రంగులో వస్తే ఆ రాత్రి నిద్రపోవద్దు అనేవారు. ఆ నీటితో పాటు గట్టు లోపలి మట్టి కూడా పోతోందని దానర్థం. ఈ చెరువు తూము పక్కన, మా వైపు మదుం అంటాం, గట్టు వెనక నాలుగు బారల మేర ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. ఆ రోజు తేటగానే ఉంది. రోజూ చూసేవాళ్లు మాత్రం లేరు. గట్టు మీద తుమ్మలూ వేపలూ పెరిగాయి. నీడ బాగుందని వాటి కిందే బల్లలు వేశారు. ఆ చెట్టు చచ్చిన నాడు దాని వేరు కుళ్లి నీటికి దారి ఇస్తుంది.

చిన్న ఆనకట్ట ఏం చేస్తుందిలే అనేవాళ్లకి మహారాష్ట్రలో రత్నగిరి జిల్లా తివరే గుర్తుచేస్తాను. 2019 జూలై 2 రాత్రి అక్కడ చిన్న ఆనకట్ట తెగి సుమారు 20 మంది పోయారు. లీకు ఉందని ఊరివాళ్లు ముందే మొరపెట్టుకున్నారు. అది ప్రభుత్వం కట్టినది. సొంత చెరువులకైతే మొర వినే ఆఫీసు ఏదో కూడా జనానికి తెలియదు.

చట్టం లేదా అంటే, 2021లో పార్లమెంటు ఆనకట్టల భద్రత చట్టం చేసింది. సొంత ఆనకట్టలకీ అది వర్తిస్తుంది. కానీ 15 మీటర్లు దాటినవాటికి, లేదా 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉండి, పొడవులోనో నీటి నిల్వలోనో మరో షరతుకో సరిపోయేవాటికి మాత్రమే. మా గట్టు నాలుగు నిలువుల ఎత్తు కూడా ఉండదు. చట్టం కంటికి అది ఆనదు.

కోర్టులో పనిచేసినవాణ్ణి కనుక ఒక పాత దావా చెప్పకుండా ఉండలేను. చిత్తూరు వైపు కార్వేటినగరం జమీందారు చెరువులు భారీ వానలకి తెగి రైలు వంతెనలు కొట్టుకుపోతే మద్రాసు రైల్వే కంపెనీ దావా వేసింది. 1874లో లండన్ ప్రివీ కౌన్సిల్, అప్పట్లో మనకి ఆఖరి కోర్టు, జమీందారు పక్షానే తీర్పు చెప్పింది. ఈ చెరువులు తరతరాలుగా సేద్యం కోసం ఉన్నవి, వాటిని కాపాడటం జమీందారు బాధ్యత, నిర్లక్ష్యం రుజువు కానప్పుడు నష్టపరిహారం పడదు అంది. అంతకు ఆరేళ్ల ముందు ఇంగ్లండులో, మిల్లు కోసం కట్టుకున్న సొంత జలాశయం నీళ్లు పక్కవాడి గనిలోకి దిగితే, నిర్లక్ష్యం ఉన్నా లేకపోయినా యజమానే నష్టపరిహారం కట్టాలన్నారు. టికెట్టు పెట్టి బోట్లు తిప్పే చెరువుకి కార్వేటినగరం తీర్పు అండ దొరుకుతుందా? పైగా అలుగుకి బస్తాలు అడ్డం పెట్టాక నిర్లక్ష్యానికి వేరే సాక్ష్యం కావాలా? ఆ ఆసామి మీద నాకు ఏ కోపమూ లేదు. ఆయన మేలు కోరే చెబుతున్నాను.

మన సరిహద్దుకి ఇంకో చిక్కు ఉంది. చెరువు ఒడిశాలో ఉంది. కింద గెడ్డ వెంట ఉన్న ఊళ్లలో కొన్ని శ్రీకాకుళం వైపువి. అర్ధరాత్రి గండి పడితే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి? చెరువు దగ్గర రాత్రిపూట ఉండే మనిషి నంబరు ఇటు బీడీఓ, తహసీల్దారు దగ్గరా, అటు తహసీల్దారు, సర్పంచుల దగ్గరా ఉండాలి. వాళ్ల నంబర్లు అతని దగ్గర ఉండాలి. ఇప్పుడు చెరువు దగ్గరున్న ఒక్క హెచ్చరిక బోర్డూ ఒడియాలోనే ఉంది. పాతపట్నం నుంచి వచ్చే కుటుంబాలు దాని కింద నిలబడి ఫొటో తీసుకుంటున్నారు, చదవలేక. తెలుగులో కూడా రాయాలి. చదువు రాని సవర గిరిజన పెద్దల కోసం బొమ్మ వేయాలి.

ఇక ఆటల సంగతి. 2024 జనవరి 18న వడోదర హర్ణి చెరువులో బోటు తిరగబడి 12 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. ఎక్కువ మందిని ఎక్కించారు, చాలామందికి లైఫ్ జాకెట్లు లేవు. మా దగ్గర జాకెట్లు ఉన్నాయి, టికెట్ గది గోడకి వేలాడుతూ! ఉక్క అంటారని తొడగరు. జాకెట్టు కట్టుకోనివాళ్లకి టికెట్ ఇవ్వకూడదు, ఎంత పెద్దమనిషైనా సరే. తూము దగ్గరికీ అలుగు దగ్గరికీ బోట్లు పోకుండా తాడూ డబ్బాలూ కట్టాలి. గట్టుకి మట్టి తవ్విన గోతులు నీళ్లలోనే ఉన్నాయి. మోకాలి లోతు అనుకుని నడిచిన పిల్ల రెండడుగుల్లో మునిగిపోతుంది. వాటి చుట్టూ కర్రలు పాతాలి. ఒడ్డున ట్యూబులు, పొడుగు తాడు, ఈత వచ్చిన మనిషి ఉండాలి. మునిగినవాళ్లని తీశాక కాళ్లు పట్టి తలకిందులు చేయడం, పొట్ట నొక్కడం మనవాళ్లకి అలవాటు. దాంతో విలువైన నిమిషాలు పోతాయి. ఊపిరి లేకపోతే నోట్లోకి ఊపిరి ఊదాలి, ఛాతీ నొక్కాలి, 108కి ఫోన్ చేయాలి. అక్కడ పనిచేసే కుర్రాళ్లకి ఫైర్ స్టేషన్ వాళ్లు ఒక పూట నేర్పించినా చాలు.

జిల్లా కలెక్టరు గారిని మీ పత్రిక ద్వారా కోరేది ఇది. చట్టం కిందికి రాని ఇలాంటి సొంత చెరువుల జాబితా పంచాయతీల చేత రాయించాలి. ఏటా వానలకి ముందు ఒకసారి, దసరాకి ముందు ఒకసారి నీటిపారుదల ఇంజనీరు వెళ్లి అలుగు, తూము, గట్టు వెనక ఊట చూసి రావాలి. అలుగుకి అడ్డం ఉంటే బోట్లకి అనుమతి ఆపాలి.

మొన్న ఆదివారం మళ్లీ వెళ్లి చూశాను. బస్తాలు అలాగే ఉన్నాయి, ఎండకి సంచులు చివికి ఇసుక కారుతోంది. జాలీ తీయలేదు. వానలు మొదలయ్యే మృగశిర కార్తెకి ఇంకా రెండు వారాలే ఉంది. జాబితా తర్వాత రాయవచ్చు, ముందు ఆ బస్తాలు తీయించండి. నలుగురు మనుషులకి ఒక పూట పని. పిలిస్తే నేనూ వస్తాను.

ఇట్లు,
విశ్రాంత వకీలు గుమాస్తా,
గజపతి జిల్లా, ఒడిశా