మంత్రిగారూ, మందులతో పాటు కాస్త ధైర్యం కూడా ఇప్పించండి

తెలంగాణ ఆరోగ్యశాఖ మంత్రిగారికి నమస్కారం.

బస్తీ దవాఖానాలు వచ్చాక బీపీ, షుగర్ పరీక్షలు, మందులు ఇంటి దగ్గరే ఉచితంగా దొరుకుతున్నాయి, అది చాలా పెద్ద మేలు. కానీ మందులు తీసుకుని బయటికొచ్చే మనిషి మొహం ఒక్కసారి చూడండి. "అన్నం మానెయ్, ఉప్పు తగ్గించు, బీడీలు బంద్ చెయ్, లేకుంటే కిడ్నీలు పోతయ్" అని లోపల ఒక్క గుక్కలో చెప్పేస్తారు. ఆయన సరే సార్ అంటాడు, ఇది తనవల్ల అయ్యే పని కాదని అక్కడే మనసులో తేల్చుకుంటాడు, పై నెల తిట్లు పడతాయన్న భయంతో అసలు రావడమే మానేస్తాడు.

బీడీ మంచిది కాదని తెలియనివాళ్లెవరు సార్? మానగలనన్న నమ్మకమే లేదు. ఆల్బర్ట్ బందూరా అనే సైకాలజిస్టు 1977లోనే ఈ మాట చెప్పాడు. 'నేను చేయగలను' అనుకున్నవాడే మొదలుపెడతాడు, మధ్యలో తప్పినా మళ్లీ పట్టుకుంటాడు, ఆ నమ్మకం కూడా చిన్న పనైనా సరే చేసి చూపించుకుంటేనే బాగా పెరుగుతుంది. భయపెడితే పెరగదు.

మా అమ్మ విషయంలో దీన్ని దగ్గర్నుంచి చూశాను. అన్నం మానెయ్ అన్నన్నాళ్లు చాటుగా తినేది. ఒకరోజు ఓ సిస్టర్ కూర్చోబెట్టి, "ఏ పూట తగ్గించగలవో నువ్వే చెప్పమ్మా" అంది. రాత్రికి జొన్నరొట్టె తింటానంది అమ్మ. చేయగలనన్న నమ్మకం పదికి ఎంత అంటే, ఆరు అంది. ఆరేనా అని ఆ సిస్టర్ అనలేదు, "మూడు అనకుండా ఆరెందుకన్నవ్?" అని అడిగింది. ఇక అమ్మ అందుకుంది, చిన్నప్పుడు రొట్టెల మీదే పెరిగామని, చెయ్యడం చేతనవునని, తనకు తనే చెప్పుకుంటూ పోయింది. ఏడు కావాలంటే ఏం చేయాలి అంటే, జొన్నలు పట్టించి పెట్టే మనిషి కావాలంది. ఆ పని నాకు పడింది.

ఎంబీబీఎస్‌లో 2019 నుంచి ఏటీకామ్ పేరుతో రోగితో మాట్లాడే తీరు కూడా నేర్పుతున్నారు. అంతకుముందు చదివిన డాక్టర్లకు, నర్సులకు, ఏఎన్ఎంలకు, ఆశా అక్కలకు కూడా నేర్పించండి, ఒక్కరోజు మీటింగ్‌తో సరిపెట్టకుండా ఎదురుగా పేషెంటును కూర్చోబెట్టి. చీటీలో షుగర్ రీడింగ్ పక్కన 'ఈ నెల ఏం చేస్తానన్నారు' అని ఒక గడి పెట్టించండి, పై నెల ముందుగా అదే అడగమనండి. పొగాకు మాన్పించే ఉచిత నంబరు 1800-112-356 కూడా ఆ చీటీ మీదే వేయించండి. ఇంత రద్దీలో టైమెక్కడిది అని డాక్టర్లు అంటే అది నిజమే, అందుకని ఈ మాటలు మాట్లాడటానికే ప్రతి దవాఖానాలో ఒక నర్సును అదనంగా వేయండి.

ఇట్లు,
ఒక షుగర్ పేషెంటు కూతురు