ఇంగ్లండ్‌లోని హార్లో నుంచి అమ్మకు

అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమం. నాన్న కంటి కట్టు తీశారని అన్నయ్య చెప్పాడు, మనసు కుదుటపడింది. ఆసుపత్రిలో పని ఎప్పటిలాగే ఉంది. ఈ నెల రాత్రి డ్యూటీలు తక్కువ వేశారు కాబట్టి నా నిద్ర గురించి బెంగ పెట్టుకోకు. చలి తగ్గినా నువ్వు పంపిన శాలువా ఇంకా పెట్టెలో పెట్టలేదు.

ఫోనులో చెప్పలేక రాస్తున్నాను. మొన్న నువ్వు ఒక మాట అన్నావు. కన్నతండ్రికి ఆపరేషన్ అయితే రావడానికి వీలు కాలేదు గాని, ఎవరో పెద్దావిడకు ఆదివారం ఆదివారం చేసి పెడుతున్నావని. కోపంతో అనలేదని తెలుసు. అయినా ఆ రాత్రంతా డ్యూటీలో అదే చెవుల్లో మెదిలింది. సెలవు సంగతి అన్నయ్యకు పూర్తిగా చెప్పాను, మళ్ళీ రాయను. ఆవిడ సంగతి మాత్రం నీకు సరిగ్గా తెలియాలి.

ఎనభై అయిదు దాటిన మనిషి. భర్త పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఒక్కతే ఉంటుంది. కొడుకు న్యూజిలాండ్‌లో ఉంటాడు. ఇంతకంటే నీకు నేను వివరించనక్కర లేదు. చలికాలంలో కోటు భుజాల మీద వేలాడుతుంటే ఆవిడ ఎంత చిక్కిపోయిందో నాకు కనిపించింది. భోజనం చేశారా అంటే చేశానంటుంది. రోజూ అలా చెప్పేవాళ్ళనే చూసేదాన్ని కదా, ఎలా నమ్ముతాను? పళ్ళెం నిండా పెడితే ఆవిడ ముట్టదు. వేలెడు శాండ్‌విచ్ ముక్కలు చిన్న పళ్ళెంలో పెట్టి, టీ పోసి, ఎదురుగా కూర్చుంటే ఒకటి తర్వాత ఒకటి తింటుంది. అలా మొదలైంది ఈ ఆదివారాల టీ.

నువ్వు వండటం అన్నావు గాని ఇందులో పొయ్యి పనే లేదు. రొట్టె ముక్కల మధ్య కీర దోసకాయ, అంతే కదా అనుకుంటావు. చేయి తిరిగేదాకా కష్టమే అమ్మా. కీర నూటికి 95 పాళ్ళు నీళ్ళే. అలాగే కోసి పెడితే పావుగంటలో రొట్టె తడిసి ముద్దవుతుంది. కాగితం అంత పల్చగా చక్రాలు కోసి, జల్లెడలో వేసి చిటికెడు ఉప్పు చల్లి ఇరవై నిమిషాలు వదిలేస్తాను. ఉప్పు ఆ నీటిని బయటికి లాగుతుంది. తర్వాత శుభ్రమైన గుడ్డ మీద పరిచి, మరో గుడ్డతో అద్ది ఆరబెడతాను. ఆవిడకు రక్తపోటు ఉంది కాబట్టి ఆ ఉప్పు కూడా తుడిచేస్తాను, రొట్టెకు రాసే క్రీమ్ చీజ్ అనే మెత్తటి జున్నులో వేరే ఉప్పు వేయను.

కీర మాత్రం దగ్గరలోనే పండుతుంది. మేముండే వైపు లీ లోయ అంటారు. నేజింగ్, రాయ్డన్ ఊళ్ళ చుట్టూ అద్దాల ఇళ్ళు కడతారు, వాటిలో కీర, టమాటా, క్యాప్సికం పెంచుతారు. ఆ తోటలు నడిపేవాళ్ళలో చాలామంది ఇటలీలోని సిసిలీ నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలవాళ్ళు. ఇక్కడి కీర బాగా పొడవుగా ఉంటుంది, తొక్క పల్చన, గింజ దాదాపు ఉండదు. అందుకే చెక్కు తీయను. ఆ ఆకుపచ్చ అంచు తెల్ల రొట్టె పక్కన చూడ్డానికి బాగుంటుంది, ఆవిడకు అది ఇష్టం.

అసలు పాత పద్ధతిలో వెన్న, కీర, మిరియాల పొడి, ఇంతే. క్రీమ్ చీజ్ అమెరికా నుంచి వచ్చిన అలవాటు. మొదట ఆవిడ ఒప్పుకోలేదు. నేనే పట్టుబట్టాను, ఎందుకంటే తక్కువ తినేవాళ్ళకు ఆ కొద్దిలోనే బలం ఎక్కువ వెళ్ళాలి, పైగా కట్టుడు పళ్ళకు మెత్తగా ఉంటుంది. చీజ్‌ను ముందుగానే ఫ్రిజ్ నుంచి తీసి మెత్తబడనిస్తాను, చల్లగా గట్టిగా ఉంటే రొట్టె చిరిగిపోతుంది. అందులోకి డిల్ అనే సోయకూర, పుదీనా, చైవ్స్ అనే సన్నటి ఉల్లి జాతి కాడలు తరుగుతాను. కడిగిన ఆకు బాగా ఆరిన తర్వాతే కత్తి పెట్టాలి, లేకపోతే ఆ తడి అంతా చీజ్‌లోకి దిగుతుంది. 200 గ్రాముల చీజ్‌కు తరిగిన ఆకు మూడు చెంచాలు చాలు. నిమ్మ తొక్క పైపై పసుపు వరకే తురిమి కలుపుతాను, కింద తెల్లటి పొర చేదు. మూడు ఆకుల్లో పుదీనాదే పెత్తనం, అది కాస్త తగ్గించాలి.

ఇక రొట్టె. ముక్క అంచుల దాకా పల్చగా చీజ్ రాయాలి, మధ్యలో ముద్దగా పెట్టి వదిలేస్తే లాభం లేదు. ఆ కొవ్వు పొరే కీర తడిని రొట్టెకు అంటనివ్వదు. రెండు ముక్కలకూ రాస్తాను. కీర చక్రాలు ఇంటి పెంకుల్లా ఒకదాని అంచు మీద ఇంకొకటి వచ్చేలా పేర్చి, మూసి, అరచేత్తో మెల్లగా నొక్కాలి. అంచులు ఆ తర్వాతే కోయాలి, అప్పుడే అన్నీ ఒక్క తీరుగా వస్తాయి. కోసినప్పుడల్లా కత్తి తుడవాలి. వేలెడు వెడల్పున మూడు ముక్కలుగా కోసి, ఆవిడ పిలిచేదాకా తడి గుడ్డ కప్పి ఫ్రిజ్‌లో ఉంచుతాను.

అంచులు పారేస్తున్నానని అనుకోకు. ఆవిడే పారేయనివ్వదు. యుద్ధకాలంలో పెరిగిన మనిషి. మనిషికి వారానికి 2 ఔన్సుల వెన్న ఇచ్చేవారట, అంటే అరవై గ్రాములు కూడా లేదు. 1942 నుంచి తెల్ల రొట్టె దొరకడం ఆగిపోయి, పొట్టు కలిసిన బూడిదరంగు రొట్టే తిన్నారు. రేషన్ పూర్తిగా ఎత్తేసింది 1954లో. అందుకే తెల్ల రొట్టెకు అంచుల దాకా వెన్న కనిపిస్తే ఆవిడ ముఖంలో చిన్నపిల్ల కనిపిస్తుంది. అంచులన్నీ ఎండబెట్టి పొడి చేసి సీసాలో పోసి పెడతాను.

వాళ్ళ దేశంలో ఈ సాయంత్రం టీ ఎలా పుట్టిందో కూడా చెప్పింది. 1840ల ప్రాంతంలో బెడ్‌ఫర్డ్ డచెస్, అంటే అక్కడి ప్రభువు భార్య, అన్నా మరియా వోబర్న్ అబ్బే అనే తమ పెద్ద ఇంట్లో మధ్యాహ్నం, రాత్రి భోజనాల మధ్య ఆకలికి తాళలేక టీతో పాటు ఏదైనా తెమ్మనేదని అంటారు. ఆ ఇంటిని చూడ్డానికి మా పెద్దావిడ తన భర్తతో వెళ్ళిందట. ఆ ఫొటో బల్ల మీద ఉంటుంది. ముందు శాండ్‌విచ్‌లు, తర్వాత స్కోన్‌లనే చిన్న గుండ్రటి రొట్టెలు, చివరికి కేకు, ఆ వరస తప్పనివ్వదు.

పిన్ని కూతురి పెళ్ళి చీర గురించి అడిగావు. నాకు ఏ రంగైనా సరే, నువ్వే ఎంచు. బంగారం సంగతి ఇప్పుడు ఎత్తవద్దు.

అమ్మా, నేను ఆవిడను నీ చోట కూర్చోబెట్టుకోలేదు. నీకు పెట్టాల్సింది ఎవరికో పెడుతున్నానని బాధపడకు. ఒక్కదాన్నే ఉంటే వంటింట్లో నిలబడే ఏదో ఒకటి తినేస్తాను. ఆవిడ కోసం చేసినప్పుడు కూర్చుని తింటాను, మాట్లాడతాను, కొడుకు గురించి ఆవిడ చెప్పేది వింటాను. ఆదివారం ఆ గంట లేకపోతే నాకు వారం గడవదు. ఆ పని నాకూ కావాలి. నువ్వు ఒక్కసారి ఆవిడతో వీడియోలో మాట్లాడితే నాకు చాలా సంతోషం. మాటలు నేను అటూ ఇటూ చెబుతాను.

నాన్నకు రెండు రకాల చుక్కల మందులు రాశారు కదా. ఒకదాని తర్వాత ఇంకొకటి వెంటనే వేయవద్దు, మధ్యలో కనీసం అయిదు నిమిషాలు ఆగాలి. వేసే ముందు చేతులు సబ్బుతో కడుక్కో, సీసా మూతి కంటికి తగలనివ్వకు. కంట్లోకి నీళ్ళు పోకూడదు, నలపకూడదు, బరువులు ఎత్తనివ్వకు. ఆయన వినరు, నా పేరు చెప్పు. నొప్పి పెరిగినా, చూపు మసకబారినా, కన్ను ఎర్రబడినా మర్నాటికి వదలకుండా అప్పుడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. అన్నయ్యను వెంట రమ్మను, నువ్వు ఒక్కదానివే బయలుదేరకు.

మీ
చిన్ని