నిడమానూరులో మన హోటల్ గురించి, అన్నయ్యకి

అన్నయ్యా,

"లారీలన్నీ విజయవాడ బైపాస్ ఎక్కేశాయి రా, మధ్యాహ్నం సగం బల్లలు ఖాళీ, స్థలం బేరం పెట్టేద్దామనుకుంటున్నా" అని నువ్వన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. ఫోన్‌లో అయితే నువ్వు మధ్యలో కట్ చేస్తావు, అందుకే రాస్తున్నా. పోయిన ఆదివారం ఇక్కడ అమెరికాలో, కెంటకీ రాష్ట్రంలో కార్బిన్ అనే ఊరెళ్ళి ఒక హోటల్ చూసొచ్చాను. అక్కడున్నంతసేపూ నువ్వే గుర్తొచ్చావు.

కేఎఫ్‌సీ బోర్డు మీద తెల్లగడ్డం తాత ఉంటాడు కదా, ఆయన పేరు హార్లండ్ శాండర్స్. 1930లో ఆ ఊరి రోడ్డు పక్కన షెల్ పెట్రోలు బంకు నడిపేవాడు. అద్దె లేదు, అమ్మకంలో వాటా మాత్రం కంపెనీకి ఇవ్వాలి. బండి ఆపినవాళ్ళు ఆకలంటే తన ఇంట్లోవాళ్ళు తినే బల్ల దగ్గరే కూర్చోబెట్టి పెట్టేవాడు. నాన్న వేపచెట్టు కింద రెండు బెంచీలతో మొదలుపెట్టలేదూ, అచ్చం అంతే. తర్వాత బంకు కంటే భోజనానికే జనం రావడం మొదలైంది. హోటళ్ళ గురించి గైడు రాసే డంకన్ హైన్స్ కూడా దాని పేరు ఎక్కించాడు. 1939లో అంతా కాలిపోతే మళ్ళీ కట్టి, నూట నలభైమంది దాకా కూర్చునే రెస్టారెంటు చేశాడు, పక్కనే లాడ్జి.

వదినకి ఇది చెప్పు: ఇనప మూకుడులో కోడి వేగడానికి అరగంట పట్టేదట, ప్రయాణంలో ఉన్నవాళ్ళు అంతసేపు ఆగరు, అలాగని నిండా నూనెలో వేసి తీస్తే ఆ రుచి ఆయనకి నచ్చలేదు. అప్పుడప్పుడే వస్తున్న ప్రెషర్ కుక్కర్ కొని, తనకి కావలసినట్టు మార్పించుకుని, అందులో నూనె పోసి వేయించాడు. రుచి తగ్గకుండా టైమ్ తగ్గింది. ఇంకో తెలివి చూడు, లాడ్జి గది నమూనా ఒకటి రెస్టారెంటు లోపలే కట్టాడు, ఆడవాళ్ళు బాత్రూమ్‌కి పోవాలంటే ఆ గదిలోంచే పోవాలి. పరుపూ దుప్పటీ శుభ్రంగా కనిపిస్తే రాత్రికి అక్కడే దిగుతారని. ఆ గది ఇప్పటికీ అలాగే ఉంచారు, నేను గుమ్మం దగ్గర నిలబడి చాలాసేపు చూశాను.

ఆ తర్వాతే అసలు దెబ్బ. ఐ-75 అని పెద్ద హైవే ఊరి పక్కనుంచి పోతుందని తేలింది. 1956లో హోటల్ వేలంలో అమ్మేశాడు. అప్పటికి 65 ఏళ్ళు, నెలకి 105 డాలర్ల పెన్షన్.

కానీ నువ్వు గమనించాల్సింది దీని ముందు జరిగింది. అమ్మడానికి నాలుగేళ్ళ ముందే, 1952లో, సాల్ట్ లేక్ సిటీలో హోటల్ ఉన్న పీట్ హార్మన్ అనే స్నేహితుడికి తన వంటకం ఇచ్చాడు, అమ్మిన ప్రతి కోడికీ ఇన్ని సెంట్లని మాట్లాడుకుని. అందుకే రోడ్డు పోయినా చేతిలో పని మిగిలింది. కారులో కుక్కర్లు, మసాలా పొట్లాలు వేసుకుని హోటల్ హోటల్‌కీ తిరిగి వండి చూపించాడు. 1964లో కంపెనీ అమ్మేటప్పటికి ఆరువందలకి పైగా చోట్ల ఆ కోడి అమ్ముతున్నారు.

మనకి అంత అక్కర్లేదు. చిన్న అవుటపల్లి దగ్గర పక్కకి తిరిగి, గొల్లపూడి మీదుగా కృష్ణ దాటిపోయే లారీ నిడమానూరు రాదు, నిజమే. అదే లారీకి బాడీ కట్టించాలన్నా ఇంజను విప్పాలన్నా ఆటోనగర్ రావాల్సిందే కదా! అక్కడ మెకానిక్కులు, బండి రెడీ అయ్యేదాకా రోజులకొద్దీ పడిగాపులు పడే డ్రైవర్లు, అందరికీ మధ్యాహ్నం అన్నం కావాలి. వదిన నాటుకోడి పులుసు, గోంగూర పప్పు నిడమానూరులోనే వండి ఆటోలో పంపితే, అక్కడ ఒక చిన్న షాపు చాలు. ముందు వడ్డించడానికి ఒక మనిషిని పెట్టు, గిన్నెలు ఖాళీ అవుతున్నాయో లేదో నెలరోజులు చూడు. స్థలం సంగతి అప్పటిదాకా ఎవరితోనూ ఎత్తకు, బ్రోకర్‌తో అసలు ఎత్తకు.

షాపు అడ్వాన్సు నేను పంపుతాను, అప్పు అనుకోకు. శనివారం రాత్రి ఫోన్ చేస్తా, వదినని కూడా పక్కన కూర్చోబెట్టు, వంట ఆవిడది కాబట్టి రోజుకి ఎంతమందికి పంపగలదో ఆవిడే చెప్పాలి. అమ్మని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు