వార్షిక నివేదిక 2024–25: రెండు ఉగాదుల ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

లెక్కల కాగితం చేతికి అందగానే మీలో చాలామంది అడగబోయే ప్రశ్నకు ముందే జవాబు చెప్పేస్తాను. ఉగాది ఖర్చు రెండుసార్లు ఎందుకుందంటే, ఉగాది రెండుసార్లు వచ్చింది కాబట్టి. క్రోధి ఉగాది 2024 ఏప్రిల్ 9న, విశ్వావసు ఉగాది 2025 మార్చి 30న. రెండూ ఒకే ఆర్థిక సంవత్సరంలో పడ్డాయి. అంతకు ముందు ఏడాది ఏప్రిల్ నుంచి మార్చి దాకా వెతికినా ఒక్క ఉగాది కూడా లేదు. అధిక మాసం వస్తే పంచాంగం కాస్త జరుగుతుంది, ఆడిటర్ మాత్రం జరగడు. పోయినేడాది మిగులు చూసి కమిటీని మెచ్చుకున్నవాళ్లు ఈసారి లోటు చూసి తిట్టకండి. రెండేళ్లూ కలిపి చూస్తే కోశాధికారి గారి లెక్క సరిగ్గానే ఉంది.

చెన్నై పెరంబూరులో మనది పండగల సంఘం. ఐసీఎఫ్ రైలు పెట్టెల ఫ్యాక్టరీలోనో, రైల్వేలోనో, మిల్లులోనో పనికి వచ్చిన పెద్దలు ఏడాదికి నాలుగుసార్లు కలుసుకోవడానికి పెట్టుకున్నది. ఈ ఏడాది మాత్రం, దాచుకోకుండా చెబుతున్నాను, పండగ రోజుల్లో సగం కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. హాలు నిండింది వేరే రోజుల్లో. ఆ రోజుల గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందు ఆదివారం తెలుగు తరగతి. 2006 చట్టం తరువాత తమిళనాడు బడుల్లో ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి ఏడాదికో తరగతి చొప్పున పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి అయింది. ఇక్కడ పుట్టిన పిల్లలు తమిళం చదవడంలో తప్పేమీ లేదు. అది వాళ్ల ఊరి భాష, వాళ్ల స్నేహితుల భాష. చిక్కల్లా తెలుగుకు చోటు దొరక్కపోవడమే. మన పిల్లలకు ఇంట్లో తెలుగు వినబడుతుంది, కానీ చదవడం రాదు. మాట్లాడినా తమిళం కలిపి "నాకు పసిస్తోంది" (ఆకలేస్తోంది), "క్లాసు ఎప్పుడు ముడుస్తుంది" (అయిపోతుంది) అంటారు. అర్థమవుతుంది కాబట్టి అమ్మమ్మలు దిద్దరు. తమిళ లిపిలో ప, ఫ, బ, భ అన్నింటికీ ఒకే అక్షరం కావడంతో మన వర్ణమాల చూడగానే "ఇన్ని ఎందుకు?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే.

మొదటి మూడు నెలలు పాఠ్యపుస్తకంతోనే నడిపాం. ఇరవై మందితో మొదలైన తరగతి తొమ్మిది మందికి వచ్చింది. ఆ తరువాత మన సభ్యుల్లో కిరాణా కొట్టున్న ఒకాయన తన అరువు ఖాతా పుస్తకం తెచ్చి టీచరమ్మ ముందు పెట్టారు. వాళ్ల నాన్న నాటి నుంచీ ఆ పద్దులు తెలుగులోనే రాస్తున్నారు. "కందిపప్పు అరకిలో, చింతపండు పావుకిలో, పాత బాకీ" అంటూ గొలుసుకట్టు రాత. పేర్ల మీద కాగితం అతికించి పిల్లలకిచ్చారు. ఎవరి బాకీ ఎంతో తేల్చాలన్న ఉత్సాహంలో ఒత్తులూ దీర్ఘాలూ వాటంతట అవే వచ్చేశాయి. సరుకు ఏది, ధర ఎంత, అప్పట్లో కందిపప్పు అంత చవకా అంటూ లెక్కలు కూడా నడిచాయి. ఇప్పుడు తరగతికి పదిహేడు మంది వస్తున్నారు. ఆ కొట్టు ఆయనకు మాత్రం వేరే దిగులు. పది నిమిషాల్లో ఇంటికి తెచ్చిచ్చే యాప్‌లు వచ్చాక అరువు అడిగేవాళ్లే తగ్గారట, కొత్త పేజీలు రాయడానికి ఏమీ ఉండటం లేదట.

చదరంగం విషయం కొంచెం పొడుగు. 2024 సెప్టెంబరు 22న బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో మనవాళ్లు ఓపెన్ విభాగంలోనూ మహిళల విభాగంలోనూ బంగారం గెలిచారు. ఓపెన్ జట్టులో గుకేశ్, అర్జున్, హరికృష్ణ, మహిళల్లో హారిక, ఇలా తెలుగు ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు ఉన్నారని తెలియగానే నాలుగు బోర్డులు కొనాలని పిల్లలే అర్జీ రాసిచ్చారు, తెలుగులో. ఖాతా పుస్తకం పుణ్యం. డిసెంబరు 12న సింగపూర్‌లో గుకేశ్‌కూ అప్పటి చాంపియన్, చైనా ఆటగాడు డింగ్ లిరెన్‌కూ మధ్య ప్రపంచ చాంపియన్‌షిప్ 14వ ఆట జరుగుతుంటే హాల్లో ప్రొజెక్టర్ పెట్టాం. డింగ్ 55వ ఎత్తులో ఏనుగును తప్పు గడిలో పెట్టిన క్షణంలో హాల్లో సగం మందికి ఏం జరిగిందో తెలియలేదు. పిల్లలు కేకలు వేస్తుంటే మేమూ వేశాం. 58 ఎత్తులకు ఆట ముగిసింది, 7.5–6.5తో పద్దెనిమిదేళ్ల మన చెన్నై కుర్రాడు ప్రపంచ చాంపియన్ అయ్యాడు. అంతకు ముందు కాస్పరోవ్ 22 ఏళ్లకు గెలిచిందే రికార్డు.

మరుసటి ఆదివారం నుంచే అసలు టెన్షన్ మొదలైంది. గుకేశ్ నాలుగో తరగతి తరువాత మామూలు బడికి వెళ్లడం మానేశాడనీ, ఈఎన్‌టీ సర్జన్ అయిన వాళ్ల నాన్నగారు ప్రాక్టీసు పక్కన పెట్టి కొడుకుతో టోర్నమెంట్లు తిరిగారనీ పేపర్లలో చదివి, ముగ్గురు తండ్రులు నా దగ్గరికి వచ్చారు. "మా వాడిని బడి మాన్పించమంటారా?" అని. కార్యదర్శి పదవికి ఇలాంటి పని కూడా ఉంటుందని నాకు తెలియదు. నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను: మాన్పించకండి. ఆ ఇంట్లో నాన్న ప్రాక్టీసు ఆపితే అమ్మ ఉద్యోగం ఉంది. మన ఇళ్లలో ఒక జీతం ఆగితే మరుసటి నెల బడి ఫీజే ఆగుతుంది. జిల్లా స్థాయి పోటీల్లో నిలదొక్కుకున్నాక ఆలోచిద్దాం. ఇద్దరు ఒప్పుకున్నారు. మూడో ఆయన ఇంకా నాతో సరిగా మాట్లాడటం లేదు.

బోర్డుల దగ్గర ఇంకో తగవు. తాతలకు మంత్రి అంటే బోర్డు మీద అన్నిటికంటే బలమైన పావు, క్వీన్. పిల్లలకు మంత్రి అంటే తమిళంలో విన్న అమైచ్చర్ (ఆ మాటకూ మంత్రి అనే అర్థం), అంటే బిషప్, మన శకటు. ఒక ఆదివారం "నీ మంత్రి పోయాడు", "నా మంత్రి ఉన్నాడు" అంటూ పావుగంట సేపు వాదించుకున్నారు. ఇద్దరిదీ నిజమే.

డిసెంబరు 15న, అంటే ఆ గెలుపు తరువాత మూడో రోజు, ఎప్పటిలాగే మైలాపూరులో పొట్టి శ్రీరాములు గారి స్మారకానికి వెళ్లాం. 1952లో బులుసు సాంబమూర్తి గారింట్లో 58 రోజులు నిరాహారంగా ఉండి ఆయన ప్రాణం విడిచిన చోటది. పెద్దాయన ఒకరు ఆ సంగతి చెబుతుంటే మన తరగతిలోని ఎనిమిదేళ్ల పిల్ల లేచి, "గుకేశ్ కూడా 58 ఎత్తుల్లో గెలిచాడు" అంది. కొందరు పెద్దలు ముఖం చిట్లించారు. నాకు తప్పనిపించలేదు. ఆ పిల్ల ఆ అంకెను ఇక జన్మలో మరిచిపోదు. బస్సులో తిరిగి వస్తూ, "తినకుండా అన్ని రోజులు ఎలా ఉన్నారు? ఎవరూ బలవంతంగా తినిపించలేదా?" అని దారంతా అడుగుతూనే ఉంది.

కార్తిక వనభోజనం జరగలేదు. డిసెంబరు 1 ఆదివారమని పెట్టుకున్నాం. అమావాస్య నాడు ఏమిటి అని పెద్దలు ముందే గొణిగారు. తమిళనాట అమావాస్య మంచిరోజే కదా అని కమిటీ సర్దిచెప్పింది. ముందు రోజు, నవంబరు 30న, ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. ఇక్కడ విమానాశ్రయమే మూసేశారు. కొన్న కూరగాయలు, నానబెట్టిన పప్పు పాడవకుండా హాల్లోనే పులిహోర, సాంబారు వండి, నీళ్లు వచ్చిన వీధుల్లో పంచాం. తెలుగు ఇల్లా తమిళ ఇల్లా అని ఎవరూ చూడలేదు. పడవలా తేలుతున్న గిన్నెను పట్టుకోబోయి మన ఉపాధ్యక్షులు జారిపడ్డారు. ఇప్పుడు కులాసాగా ఉన్నారు.

మహిళల విభాగం గురించి రాయడానికి నాకంటే వాళ్లే సమర్థులు, అయినా రాయమన్నారు. ఇంట్లో పచ్చళ్లు, పొడులు చేసి అమ్ముతున్న మన అక్కల్లో ఒకరి దగ్గర ఒక ఏజెంటు ఆహార లైసెన్సు ఇప్పిస్తానని మూడు వేలు తీసుకుని కనబడకుండా పోయాడు. దాంతో జూలైలో ఒక సాయంత్రం అందరం కూర్చుని కంప్యూటర్ ముందు పెట్టుకుని చూశాం. అప్పటి నిబంధన ప్రకారం ఏడాదికి 12 లక్షల లోపు వ్యాపారమైతే కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐలో లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ సరిపోయేది. దానికి అప్పుడు ఏడాదికి ఫీజు 100 రూపాయలు. చిన్న వ్యాపారాలు చేయించుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కైతే అసలు ఫీజే లేదు. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, దినుసులు, బరువు, తయారీ తేదీ, పచ్చ చుక్క సీసా మీద ఉండాలి. ఆరుగురు నమోదు చేసుకున్నారు. సీసా మీద "ఆవకాయ" అని తెలుగులో రాయాలా తమిళంలోనా అని చర్చ వచ్చింది. రెండూ రాశారు. పోయిన మూడు వేలు తిరిగి రాలేదు.

ప్రభుత్వ బడిలో ఆరు నుంచి పన్నెండు దాకా చదివి కాలేజీలో చేరిన ఆడపిల్లలకు నెలకు 1,000 రూపాయలిచ్చే పుదుమై పెణ్ పథకానికి నలుగురి దరఖాస్తులు పూర్తిచేయించాం. ముగ్గురికి డబ్బు పడుతోంది, నాలుగో అమ్మాయి బ్యాంకు ఖాతాకు ఆధార్ కలవలేదు.

ఇక క్యారమ్ గది. నవంబరులో అమెరికాలో జరిగిన ప్రపంచ కప్‌లో మన ఉత్తర చెన్నై అమ్మాయి, ఆటో డ్రైవరు కూతురు కాజిమా మూడు బంగారు పతకాలు గెలిచింది. ఆ వారమే ఇద్దరు ఆడపిల్లలు గదికి వచ్చి తలుపు దగ్గర నిలబడి తిరిగి వెళ్లిపోయారు. బోర్డులు రెండూ రిటైరైన మన పెద్దల చేతుల్లోనే ఉన్నాయి. నిజానికి ఆ గది మొదలైననాటి నుంచీ అంతే, మనమే పట్టించుకోలేదు. జనవరి నుంచి సాయంత్రం 5 నుంచి 7 వరకు బోర్డులు పిల్లలకే అని కమిటీ తీర్మానించింది. పెద్దలు అలిగారు, మూడు రోజులకు మళ్లీ వచ్చారు. ఒకాయన ఇప్పుడు ఆ ఇద్దరికీ కట్ షాట్ నేర్పిస్తున్నారు, 7 దాటినా లేవనివ్వడం లేదు.

జమా ఖర్చుల పట్టిక వేరుగా జతచేశాం. 2026 ఉగాది మార్చి 19న వస్తుంది కాబట్టి వచ్చే లెక్కల్లో ఒక్క ఉగాదే ఉంటుంది, బడ్జెట్ అలాగే వేశాం. సభ్యత్వ రుసుము బాకీ ఉన్నవాళ్ల పేర్లు ఖాతా పుస్తకంలో ఉన్నాయి. ఇప్పుడు పిల్లలకు చదవడం వచ్చు కాబట్టి కాస్త ముందే కట్టేయండి. సంక్రాంతి పోటీలకు తీసుకెళ్లిన రెండు చదరంగం గడియారాలు ఇంకా తిరిగి రాలేదు. ఎవరింట్లో ఉన్నా ఆదివారం తరగతికి పంపించగలరు.

ఇట్లు,
గౌరవ కార్యదర్శి