కారు కొన్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

కొత్త కారు తాళాలు నీ చేతికి వచ్చాయని తెలిసి మీ అమ్మా నేనూ ఎంతో సంతోషించాం. నడపడం నీకు బాగా వచ్చు, ఆ విషయంలో నాకు బెంగ లేదు. నా ధ్యాసంతా కారులో ఉండి కూడా చాలామందికి ఉన్నట్టు తెలియని సదుపాయాల మీదే ఉంది. వాటితో పని పడేది చీకట్లోనో, వానలోనో, కంగారులోనో. అప్పుడు మాన్యువల్ తిరగేసే తీరిక ఎవరికీ ఉండదు. అందుకని ఒక సెలవు పూట, ఆపి ఉంచిన కారులో కూర్చుని, నేను రాసేవాటిని ఒక్కొక్కటిగా చూసుకో.

ముందు తాళం సంగతి. నీది బటన్ నొక్కి స్టార్ట్ చేసే కారు కాబట్టి రిమోట్‌లో బిళ్ల బ్యాటరీ ఉంటుంది. ఎక్కువ కార్లలో అది సీఆర్ 2032 రకం. అది అయిపోయిన రోజున తలుపు తెరుచుకోదు, రిమోట్ కనిపించడం లేదని డ్యాష్‌బోర్డు మీద సందేశం వస్తుంది, కారే చెడిపోయిందనుకుని చాలామంది మెకానిక్‌కు ఫోన్ చేస్తారు. అప్పుడు రిమోట్ అంచున ఉన్న చిన్న మీటను జరిపితే లోపలి నుంచి మామూలు లోహపు తాళంచెవి బయటికి వస్తుంది. డ్రైవర్ తలుపు పిడి దగ్గర తాళం రంధ్రం కనబడకపోతే అది ప్లాస్టిక్ మూత వెనక ఉందన్నమాట. మూత అడుగున సన్నని గాడి ఉంటుంది, తాళంచెవి కొనను అందులో పెట్టి మెల్లగా పైకి ఎత్తితే ఊడి వస్తుంది. ఇలా తెరిచినప్పుడు అలారం మోగినా భయపడకు, కారు స్టార్ట్ కాగానే ఆగిపోతుంది. లోపల కూర్చున్నాక బ్రేక్ తొక్కి పట్టి, రిమోట్‌ను స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కు. తాళం అసలైనదేనని కారుకు తెలిపే ఇమ్మొబిలైజర్ చిప్ రిమోట్‌లో ఉంటుంది, దానికి సొంత బ్యాటరీ అక్కరలేదు, కారు పంపే సంకేతపు శక్తితోనే అది జవాబిస్తుంది కాబట్టి ఇంజన్ స్టార్ట్ అవుతుంది. కొన్ని కార్లలో రిమోట్ ఆనించవలసిన చోటు కప్పులు పెట్టే గూటిలోనో, స్టీరింగ్ పక్కనో ఉంటుంది. నీ కారులో ఎక్కడో ముందే చూసి పెట్టుకో.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది, ప్రమాదంలో కారును ఆపడం. యాక్సిలరేటర్ ఇరుక్కుపోయి కారు దూసుకుపోతుంటే బ్రేకును బలంగా, ఒకే పట్టున తొక్కి గేరును న్యూట్రల్‌లోకి వేయాలి. ఇంజన్ గట్టిగా అరుస్తుంది, అరవనీ. చక్రాలకు శక్తి అందదు కాబట్టి కారు నిలుస్తుంది. గేరు కదలకపోతేనే ఇంజన్ ఆపాలి. పరుగులో ఉండగా స్టార్ట్ బటన్‌ను ఒక్కసారి నొక్కితే పని జరగదు. కొన్ని సెకన్ల పాటు నొక్కి పట్టాలి, లేదా వెంటవెంటనే నాలుగైదుసార్లు నొక్కాలి. ఏది వర్తిస్తుందో మాన్యువల్‌లో రాసి ఉంటుంది. ఇంజన్ ఆగాక స్టీరింగూ బ్రేకూ బాగా బరువెక్కుతాయి, పనిచేయడం మానవు, అందుకే రెండు చేతులూ స్టీరింగ్ మీద ఉంచి పాదంతో మరింత బలం వేయాలి. కాలి బ్రేకే పనిచేయని పరిస్థితి వస్తే, ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ స్విచ్‌ను పైకి లాగి వదలకుండా పట్టుకో. ఈ ఏర్పాటు ఉన్న చాలా కార్లలో కంప్యూటర్ చక్రాలు జారకుండా చూసుకుంటూ కారును ఆపుతుంది. ఆ స్విచ్ రెండు ముందు సీట్ల మధ్య ఉంటే డ్రైవర్‌కు స్పృహ తప్పినప్పుడు పక్కనున్నవారు కూడా అందుకోగలరు. నీతో తరచుగా ప్రయాణించేవారికి దాన్ని తప్పకుండా చూపించు. రోడ్డు మీద మాత్రం ప్రయోగం చేయకు, చెయ్యి ఎక్కడికి వెళ్లాలో తెలిస్తే చాలు.

గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగిసిపోకుండా చూసే ఏబీఎస్ అన్ని కొత్త కార్లలోనూ ఉంటుందని నీకు తెలుసు. బాష్ కంపెనీ తయారుచేసిన ఎలక్ట్రానిక్ ఏబీఎస్ 1978లోనే మెర్సిడెస్ బెంజ్ కార్లలోకి వచ్చింది. అది పనిచేసేటప్పుడు పెడల్ కాలి కింద టకటకా కొట్టుకుంటుంది, గరగరమని చప్పుడు చేస్తుంది. ఏదో విరిగిందనుకుని చాలామంది సరిగ్గా ఆ క్షణంలోనే కాలు తీసేస్తారు, అదే ప్రమాదం. కాలు తీయకుండా తొక్కి పట్టుకుని, అడ్డం వచ్చినదాన్ని తప్పించేలా స్టీరింగ్ తిప్పాలి, ఎందుకంటే చక్రాలు బిగిసిపోకుండా చూసి కారు నీ మాట వినేలా చేయడానికే ఆ ఏర్పాటు ఉన్నది. ఖాళీ మైదానంలో, తక్కువ వేగంలో, ఎవరూ చుట్టుపక్కల లేనప్పుడు ఒకసారి గట్టిగా బ్రేకు వేసి ఆ కొట్టుకోవడం ఎలా ఉంటుందో కాలికి పరిచయం చేసుకో.

వానలో అద్దానికి ఆవిరి పడితే ముందు అది లోపలి వైపు పట్టిందో, బయటి వైపు పట్టిందో తెలుసుకోవాలి. వైపర్ ఒకసారి తిప్పితే పోయిందంటే బయటిదే. ఏసీ చల్లదనానికి అద్దం బాగా చల్లబడి బయటి తేమ దానిమీద చేరింది కాబట్టి, అద్దం మీదికి పోయే చల్లగాలిని మళ్లించాలి. వైపర్‌కు పోకపోతే లోపలిది, మన ఊపిరి తేమే. అప్పుడు లోపలి గాలినే తిప్పే బటన్‌ను తీసేసి, బయటి గాలిని రానిచ్చి, ఏసీ వేసి, గాలిని ముందు అద్దం మీదికి మళ్లించు. చలికాలంలో కూడా ఏసీ వేయవచ్చు, హీటర్‌తో పాటు వేస్తే గాలి పొడిగానూ వెచ్చగానూ వస్తుంది. గాలిలోని తేమ ఏసీ కాయిల్ మీద నీరై కారిపోవడమే దీనిలోని కిటుకు. లోపలి గాలి బటన్ ఎండలో కారును త్వరగా చల్లబరచడానికి ఎంతో మంచిది, కానీ చాలాసేపు అలాగే ఉంచితే బొగ్గుపులుసు వాయువు పెరిగి మత్తు కమ్ముతుంది.

మరో మాట, పగటిపూట వెలిగే లైట్ల గురించి. ముందు తెల్లని లైట్లు వెలుగుతుంటాయి, డ్యాష్‌బోర్డు ప్రకాశిస్తుంటుంది కాబట్టి అన్ని లైట్లూ వేశామనే అనుకుంటాం; చాలా కార్లలో ఆ సమయంలో వెనక లైట్లు వెలగవు. మబ్బు పట్టినా, పొద్దు వాలినా స్విచ్‌ను నువ్వే తిప్పు, లేదా ఆటోలో ఉందో లేదో చూసుకో. జోరువానలో పట్టపగలు ఆటో సెన్సర్‌కు వెలుతురు సరిపోయినట్టే అనిపించి లైట్లు వేయకపోవచ్చు.

చిన్నవి కొన్ని ఉన్నాయి. ఇంధనం మీటరు దగ్గర పంపు బొమ్మ పక్కన చిన్న బాణం గుర్తు ఉంటుంది, ట్యాంకు మూత ఏ వైపున ఉందో అది చెబుతుంది. ఫోర్డ్ కంపెనీ ఇంజనీరు జిమ్ మోయ్లన్ వానలో తడుస్తూ పెట్రోలు పోయించుకోవలసి వచ్చి 1986లో దాన్ని ప్రతిపాదించాడు. ఒక చిన్న బాణం ఇంతమందికి ఇంతకాలం ఉపయోగపడడం నాకు చాలా నచ్చే విషయం. టైర్లలో గాలి ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు చట్రం మీద అంటించిన కాగితంలో చూడు, టైరు గోడ మీద ఉన్న అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే. టైరు గోడ మీద అండాకారపు గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2324 అంటే 2024లో 23వ వారంలో తయారైందని అర్థం. వెనక వచ్చే కారు లైట్లు కళ్లలో పడితే లోపలి అద్దం కింది మీటను వెనక్కి లాగు. తలకు ఆనించే దిండు పైఅంచు నీ తల పైభాగానికి సమానంగా ఉండాలి, మెడ దగ్గర ఉంటే వెనక నుంచి గుద్దినప్పుడు కాపాడదు.

చివరిగా, బ్యాటరీ పూర్తిగా పడిపోతే ఆటోమేటిక్ గేరు పార్క్ స్థానం నుంచి కదలదు, కారును తోయడానికీ వీలుండదు. చాలా కార్లలో గేరు మీట పక్కన ఒక చిన్న మూత ఉంటుంది, దాన్ని తీసి తాళంచెవినో, స్క్రూ డ్రైవర్‌నో లోపలికి నొక్కి పట్టి, బ్రేకు తొక్కితే గేరు న్యూట్రల్‌లోకి వస్తుంది. ముందుగా పార్కింగ్ బ్రేకు పడి ఉందో లేదో మాత్రం తప్పక చూసుకో. నీ కారులో ఆ మూత ఎక్కడుందో, రిమోట్ ఆనించవలసిన చోటు ఎక్కడుందో కనుక్కుని, ఈ వారంలోగా నాకు ఫోన్ చేసి చెప్పు.

ప్రేమతో,
నాన్న