పేరు నాది, కాపీలు అందరివీ

సంపాదకులకు,

"ఉచిత సాఫ్ట్‌వేర్‌ను నమ్ముకోకూడదండీ, రాసినవాడికి కోపమొస్తే లాగేసుకుంటాడు" అని మా ఊళ్లో డీటీపీ చేసేవాళ్లు ఇప్పటికీ అంటుంటారు. అలా కోపమొచ్చి లాగేసుకోబోయినవాణ్ణి నేనే కాబట్టి ఈ ఉత్తరం.

కాలేజీలో లెక్కలు చెప్పే రోజుల్లో, పాత డీటీపీ ఫాంట్లలోని తెలుగును యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతిలోకి, మార్చే చిన్న ప్రోగ్రామ్ రాశాను. పాత ఫాంట్లలో 'స్త్రీ' అంటే ముందు గుడిదీర్ఘంతో సహా 'సీ', తర్వాత తవత్తు, క్రావడి. యూనికోడ్‌లో గుడిదీర్ఘం అన్నిటికన్నా చివర రావాలి. ఈ సర్దుబాట్లకే రెండు వేసవి సెలవులు పట్టాయి. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, మళ్లీ పంచుకోవచ్చు అనే జీపీఎల్ లైసెన్సుతో అందరికీ ఇచ్చేశాను.

కొన్నేళ్లకు ఒక కుర్రాడు, ఫోల్డర్ మొత్తం ఒకేసారి మారేలా మార్పులు చేసి పంపాడు. బాగానే ఉంది గానీ నా కోడ్ సగం తిరగరాశాడు. "అవసరం లేదు" అని రెండు ముక్కల్లో తిప్పికొట్టాను. అతను వాదించలేదు. నెల తిరక్కుండా మొత్తం కాపీ చేసుకుని వేరే పేరుతో పెట్టాడు. నా పేరు మాత్రం ఎక్కడా తీయలేదు, అదే ఇంకా మండింది! వాడేవాళ్లు ఒక్కొక్కరే అటు వెళ్లిపోయారు. ఉక్రోషంతో నాది తీసేశాను. ఎవరి పనీ ఆగలేదు. ఇచ్చిన కాపీలను వెనక్కి రప్పించుకునే దారి ఆ లైసెన్సులో లేదు. పోనీ ఇకముందైనా లైసెన్సు మారుద్దామంటే, మధ్యలో ఇతరులు పంపిన దిద్దుబాట్లు వాళ్లవి. వాళ్లు ఒప్పుకోవాలి.

పెద్దవాళ్లకూ ఇంతే. ఉత్తరాలూ లెక్కలూ రాసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ ఓపెన్ ఆఫీస్ సన్ కంపెనీది. ఆ కంపెనీని ఒరాకిల్ కొన్నాక, 2010లో ఓపెన్ ఆఫీస్ మనుషులు చాలామంది బయటికొచ్చి, అదే కోడ్‌తో లిబ్రే ఆఫీస్ పెట్టుకున్నారు. ఒరాకిల్ చేతిలో పేరు మిగిలింది. మరుసటేడు దాన్నీ కోడ్‌నూ ఉచిత సాఫ్ట్‌వేర్‌ను నడిపే అపాచీ ఫౌండేషన్ అనే సంస్థకు ఇచ్చేసింది. 2016 మార్చిలో లెఫ్ట్-ప్యాడ్ అనే 11 లైన్ల కోడ్‌ను రాసినాయన, ప్రోగ్రామర్లు కోడ్ ముక్కలు పంచుకునే ఎన్‌పీఎం అనే ఆన్‌లైన్ గిడ్డంగి నుంచి తీసేస్తే ఎన్నో ప్రాజెక్టులు ఆగిపోయిన మాట నిజమే. గంటల్లోనే ఎన్‌పీఎం వాళ్లే మళ్లీ పెట్టేశారు, ఆ తర్వాత అలా తీసేయడానికి వీల్లేకుండా నిబంధనలూ బిగించారు.

మొన్న మా నాన్నగారి పాత పద్యాల ఫైలు మార్చాల్సి వచ్చి, సిగ్గుపడకుండా ఆ కుర్రాడి ప్రోగ్రామే వాడాను. 'జ్యోత్స్న' తప్పుగా పడుతోంది. కారణం పట్టుకుని, దిద్ది పంపాను. మూడు వారాలైంది, ఇంకా తీసుకోలేదు.

— రిటైర్డ్ లెక్కల లెక్చరర్, తెనాలి