బిల్లు పాస్ చేసేముందు ఒక్కసారి ఎక్కించి చూడండి

సంపాదకులకు నమస్కారం.

2027 పుష్కరాల పనుల గురించి పేపర్లో వార్తలు చదువుతున్నాను. ఏ రేవు బాగు చేస్తారు, ఏ రోడ్డు వెడల్పు చేస్తారు అని మా ఊళ్లో అందరూ మాట్లాడుకుంటున్నారు. సిమెంటు కలపకముందే చెప్పాల్సిన మాట ఒకటుంది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను పశ్చిమ గోదావరి జిల్లాలో కాలువ గట్టున ఉన్న ఒక చిన్న పట్టణంలో, మున్సిపల్ ఆఫీసు ఎదురుగా జిరాక్స్ షాపు నడుపుతున్నాను. అర్జీలు రాసిపెడతాను, ఆన్‌లైన్ ఫారాలు నింపుతాను. పోలియో వల్ల చిన్నప్పుడే రెండు కాళ్లూ పడిపోయాయి. 1995లో పల్స్ పోలియో మొదలయ్యేటప్పటికే నాకు మీసాలొచ్చాయి. బయట తిరగడానికి పక్క చక్రాలు పెట్టించిన స్కూటీ, షాపులో చక్రాల కుర్చీ. ఎదురుగా ఉన్న ఆఫీసును రోజంతా చూస్తూ కూర్చోవడమే నా ఉద్యోగంలో సగం. మెట్లు ఎక్కలేనివాళ్లు చాలామంది ముందు నా దగ్గరికే వస్తారు. "కాస్త లోపలికి కబురు చెయ్యండి మాస్టారూ" అంటారు. నేను మాస్టార్ని కాను. అర్జీలు రాసేవాడు కాబట్టి అలా పిలుస్తారు.

గోదావరి మా ప్రాంతాన్ని బల్లపరుపుగా పరిచింది. చేత్తో తిప్పే మూడు చక్రాల బండికి ఇంతకంటే మంచి నేల దొరకదు. ఎత్తులన్నీ మనం కట్టుకున్నవే. ఒకప్పుడు కిందనుంచి పడవలు పోవాలని కాలువల మీద వంతెనలు ఎత్తుగా కట్టారు. వానాకాలం నీళ్లు లోపలికి రాకూడదని ఇళ్లకూ ఆఫీసులకూ మెరక పోసి పునాది లేపుతాం. పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు వేస్తారు కాబట్టి రోడ్డు పెరుగుతూ ఉంటుంది. దాన్ని చూసి పక్కన కట్టే బిల్డింగు ఇంకో రెండడుగులు లేస్తుంది. మునిగే ఊళ్లో మెట్లు వద్దని నేను అనను. మెట్ల పక్కన ఎక్కడానికి ఇంకో దారి అడుగుతున్నాను, అంతే.

ఆ దారి ఉంది కదా అంటారు. నిజమే, మా ఆఫీసుకు ర్యాంపు ఉంది. నున్నటి గ్రానైట్ పరిచి, స్టీలు రెయిలింగు పెట్టి, గోడ మీద చక్రాల కుర్చీ బొమ్మ కూడా వేశారు. ఆ బొమ్మలో ఉన్నవాడు ఎలా ఎక్కాడో గానీ నేను మాత్రం ఎక్కలేకపోయాను. అర అడుగు చొప్పున ఆరు మెట్లు, అంటే నేల నుంచి వరండాకు మూడడుగుల ఎత్తు. ర్యాంపు పొడవు తొమ్మిదడుగులు. ప్రభుత్వ ప్రమాణం ప్రకారం ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. మూడడుగులకు ముప్పై ఆరు కావాలి. అందులో నాలుగో వంతు కట్టి పూర్తయిందన్నారు. దాని మీద కుర్చీ పెడితే ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. వెనకనుంచి ఇద్దరు కుర్రాళ్లు నెట్టాలి, దిగేటప్పుడు అదే ఇద్దరు ముందు నిలబడి ఆపాలి. వాన పడితే ఆ గ్రానైట్ మీద కాళ్లున్నవాళ్లే జారుతున్నారు. ఇప్పుడు దాన్ని బాగా వాడుకుంటున్నది మోటారు సైకిళ్లు. ఎండకు సీటు కాలకుండా స్టాఫు బళ్లను దాని మీదుగా వరండాలోకి ఎక్కించుకుంటారు.

ముప్పై ఆరడుగులకు చోటు లేదని ఒక ఇంజినీరుగారు నాతో అన్నారు. మనిషి మంచివారే, నా షాపుకు టీకి వస్తుంటారు. చోటు ఉందండీ. పద్దెనిమిది అడుగులు వెళ్లి, మలుపులో ఐదడుగుల చదును వదిలి, మళ్లీ పద్దెనిమిది అడుగులు తిప్పితే చాలు. ప్రహరీ లోపల ఆ మూల మూలనపడ్డ చెత్త ట్రాక్టరు ఒకటి, దాని పక్కన వరసగా శిలాఫలకాలు ఉన్నాయి. "ట్రాక్టరైతే తీయిస్తాం గానీ, ఫలకాలు కదపడం మన చేతుల్లో లేదండీ" అని ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాట నిజమని ఇద్దరికీ తెలుసు.

చట్టం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని దయాధర్మం అనుకుంటున్నారు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. దాని నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి. అప్పటినుంచి ఐదేళ్ల లోపు, అప్పటికే ఉన్న ప్రభుత్వ భవనాలను కూడా అందరూ వెళ్లగలిగేలా మార్చాలని 45వ సెక్షన్ చెబుతోంది. ఆ గడువు 2022 జూన్‌తో అయిపోయింది. ప్రమాణాలు పాటించని ప్లానుకు అనుమతి ఇవ్వకూడదనీ, కట్టాక కంప్లీషన్ సర్టిఫికెట్ ఇవ్వకూడదనీ 44వ సెక్షన్. ఊళ్లో ఎవరు కల్యాణ మండపం కట్టినా, నర్సింగ్ హోమ్ కట్టినా ప్లాను పాస్ చేసేది ఆ తొమ్మిదడుగుల ర్యాంపు ఉన్న ఆఫీసే. ఇక వాళ్లు ఎవరిని అడుగుతారు? చూపులేని రాజీవ్ రతూరి 2005లో వేసిన పిటిషన్‌పై సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తీర్పు ఇచ్చింది. పాటిస్తే పాటించొచ్చు అన్నట్టుండే మార్గదర్శకాలతో సరిపెట్టడం కుదరదనీ, తప్పనిసరిగా పాటించాల్సిన ప్రమాణాలను వేరుగా తీసి మూడు నెలల్లో నిబంధనలు చేయాలనీ కేంద్రానికి చెప్పింది. మా ర్యాంపు కూడా ఆ "పాటిస్తే పాటించొచ్చు" బాపతులో పుట్టిందే.

సర్లే, ఎవరో ఒకరు కిందకి వచ్చి పని చేసిపెడుతున్నారు కదా అని మీ పాఠకులు అనుకోవచ్చు. మా వీధిలో ఒక అక్కయ్య ఉంది. లేసు అల్లుతుంది, నడుము కింద భాగం పనిచేయదు. వాళ్ల నాన్నగారు పోయాక ఇంటి పన్ను ఆమె పేరుకు మార్చాలి. రెవెన్యూ సెక్షన్ పై అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. గుమస్తా రిజిస్టరు పట్టుకుని ఆమె ఆటో దగ్గరికే వచ్చాడు, ఎండలో నిలబడి ఓపిగ్గా సంతకం పెట్టించుకున్నాడు. అతన్ని మెచ్చుకోవాలి. కానీ ఆమెది పెంకుటిల్లు, రసీదులో పన్ను డాబా లెక్కన వేశారు. అదేమని అడిగితే ఫైలు పైన ఉందన్నాడు, పై అధికారి పైన ఉన్నారన్నాడు. "సంతకానికైతే కిందకి దిగారు గానీ, లెక్క అడిగితే పైకొచ్చి చూసుకోమన్నారు తమ్ముడూ" అని నా షాపు ముందు ఆటోలో కూర్చుని చెప్పింది. పన్ను మీద పోట్లాడాలంటే టేబుల్ ముందు కూర్చోవాలి, ఫైలు తిప్పించి చూడాలి, అవసరమైతే గొంతు పెంచాలి. ఆటోలోంచి అది కుదరదు. పైగా ఆటోవాడికి వెయిటింగ్ చార్జీ. ఆమె తరఫున అర్జీ నేను రాశాను. ఈ ఉత్తరం రాసేనాటికి జవాబు రాలేదు.

ఇంకో మాట తరచుగా వింటాను. "పింఛను ఒకటో తారీఖున ఇంటికే తెచ్చి ఇస్తున్నాం, సర్టిఫికెట్లు వాట్సాప్‌లో వస్తున్నాయి, మీకు ఆఫీసుతో పనేముంది?" అని. 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను ఆరు వేలు అయింది, అది ఇంటికి వస్తోంది, నేనూ తీసుకుంటున్నాను. చాలా మంచి పని, అందులో రెండో మాట లేదు. వాట్సాప్ సేవలు నా షాపు గిరాకీ తగ్గించాయి, అయినా మంచివే అంటాను. కానీ ఇంటికి తెచ్చి ఇస్తున్నారు కాబట్టి ఇంట్లోనే ఉండమంటే ఎలా? నాకు షాపు ఉంది, ట్రేడ్ లైసెన్సు ఉంది, ముందున్న డ్రెయిన్ మీద విరిగిన పలక గురించి అడగాల్సింది ఉంది. కౌన్సిల్ సమావేశం ఎలా జరుగుతుందో గ్యాలరీలో కూర్చుని చూడాలని కూడా ఉంది. అదీ పై అంతస్తులోనే.

నేను చక్రాల కుర్చీలో ఉన్నాను కాబట్టి ర్యాంపు గురించే రాస్తున్నాను. మా సందులో ఒక టైలరమ్మకు పుట్టుకతో వినపడదు. మెయిన్ పైపు పగిలిందనీ, రెండు రోజులు కుళాయి రాదనీ మున్సిపాలిటీ ఆటోకు మైకు కట్టి ఊరంతా చెబుతుంది. ఆమెకు మర్నాడు పొద్దున ఖాళీ బిందె చూశాక తెలుస్తుంది. అదే కబురు వార్డు సచివాలయం వాళ్లు ఫోనుకు మెసేజ్‌గా పంపితే ఖర్చేమీ అవదు. ఆమె నంబరు వాళ్ల దగ్గర ఉంది.

బస్టాండు దగ్గర మాకోసమని కట్టిన మరుగుదొడ్డి గురించి ఎక్కువ రాయను. తాళం వేసి ఉంటుంది. లోపల బ్లీచింగ్ పౌడర్ బస్తాలు, పాత ఫ్లెక్సీలు. తాళం తీసినా తలుపు లోపలికి తెరుచుకుంటుంది కాబట్టి కుర్చీ లోపలికి వెళ్లాక తలుపు మూయడానికి వీలుండదు. మా ఆడవాళ్లు బయటికి వెళ్లాల్సిన రోజున పొద్దుటినుంచి మంచినీళ్లు తాగడం మానేస్తారు.

చేయాలనుకుంటే చేస్తారని కూడా చూశాం. 2024 మే 13న పోలింగ్ రోజు మా బూత్‌లో చెక్క ర్యాంపు పెట్టారు, వాలు సరిగ్గా ఉంది, చక్రాల కుర్చీ ఉంది, నెట్టడానికి ఒక కుర్రాణ్ణి కూడా పెట్టారు. క్యూలో నిలబడ్డవాళ్ల కంటే ముందు బయటపడ్డాను. మర్నాటికి ఆ చెక్కలు లేవు. ఎక్కడికి పోయాయని అడిగితే అద్దెవని చెప్పారు.

ఇప్పుడు పుష్కరాల మాట. 2015 పుష్కరాలకు ముందే మా నాన్నగారు పోయారు. రేవులో పిండం పెట్టడానికి నన్ను మా బావమరిది, ఇంకో బంధువు చెరో పక్కా పట్టుకుని, పాచి పట్టిన మెట్ల మీద జారుతూ దించారు. వాళ్లు పడితే ముగ్గురం నీళ్లలోకే. పంతులుగారు మంత్రం ఆపి మమ్మల్నే చూస్తూ ఉండిపోయారు. రేవంతా మెట్లే. ఒక పక్కన రెయిలింగుతో వాలు దారి, నీటి అంచు దగ్గర కుర్చీ నిలబడేంత చదును, పైన జల్లు స్నానాలు పెట్టేచోట గడప లేకుండా ఒక గది ఉంటే నా పని నేనే చేసుకునేవాణ్ణి. అవి నాబోటివాళ్లకే పనికొస్తాయనుకోకండి. దేశంలో పోలియో పోయిందని 2014లోనే ప్రకటించారు, కానీ షుగరుతో కాలు తీసేయించుకున్నవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, మోకాళ్లు అరిగిన పెద్దవాళ్లు మా ఒక్క వీధిలోనే ఉన్నారు. పుష్కర స్నానానికి ఎక్కువగా తపించేది ఆ పెద్దవాళ్లే.

కొత్త పథకమేదీ అడగడం లేదు. డబ్బు ఎలాగూ ఖర్చవుతుంది. రేవైనా, ర్యాంపైనా, మరుగుదొడ్డైనా, కాంట్రాక్టరుకు చివరి బిల్లు పాస్ చేసేముందు చక్రాల కుర్చీ వాడే మనిషి ఒకరు, చూపులేనివారు ఒకరు దాన్ని వాడి చూడాలి. ఎవరూ నెట్టకుండా, ఎవరూ చెయ్యి పట్టుకోకుండా. వాళ్లు సరేనని ఎం.బుక్‌లో, అంటే పని కొలతలు రాసే రిజిస్టరులో, సంతకం పెట్టాకే బిల్లు వెళ్లాలి. ఇంజినీరు కొలత పక్కన మా సంతకానికి ఒక గీత గీస్తే చాలు. తొమ్మిదడుగుల ర్యాంపు ఆ రోజే దొరికిపోయేది, పగలగొట్టి మళ్లీ కట్టే ఖర్చు కాంట్రాక్టరుదే అయ్యేది. ఇప్పుడది సరిచేయాలంటే కొత్త ఎస్టిమేటు, కొత్త టెండరు అంటున్నారు.

మా రేవు ప్లాను ఎవరి టేబుల్ మీద ఉందో తెలియదు గానీ, వాలు ఎంత పెట్టారో ఇప్పుడే ఒకసారి చూడమని ఆ అధికారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఎక్కి చూడడానికి మనిషి కావాలంటే మా షాపు పొద్దున తొమ్మిదింటి నుంచి రాత్రి ఎనిమిదింటి దాకా తీసే ఉంటుంది, ఆదివారం మధ్యాహ్నం దాకానే. కుర్చీ కూడా నాదే తెచ్చుకుంటాను.

ఇట్లు,
ఒక జిరాక్స్ షాపు యజమాని,
పశ్చిమ గోదావరి జిల్లా
(లైసెన్సు రెన్యూవల్ దగ్గర పడింది, పేరు వేయవద్దని మనవి.)